సగం నెమలి, కంప్యూటర్ అంచు

ఆ రోజుల్లో మా సూరత్‌లో ఏ సరుకు అమ్ముడుపోవాలన్నా దాన్ని ముందు తెల్లటి పరుపు మీద పెట్టాలి. చీరైనా సరే, వజ్రమైనా సరే. కొనేవాడు చెప్పులు విడిచి, దిండుకు ఆనుకుని, చాయ్ తాగి, సరుకును వేళ్ల మధ్య నలిపి చూసి, రంగు పోదు కదా అని అడగాలి. ఈ తతంగం లేకుండా కుదిరిన బేరాన్ని ఊరు బేరంగానే లెక్కపెట్టేది కాదు. ఇప్పుడు అడాజన్‌లోని మా ఫ్లాట్‌లో కూర్చుని నా మనవరాలు ఫోన్ మీద వేలు ఆనిస్తే చాలు, ల్యాప్‌టాప్ లిఫ్టెక్కి గుమ్మంలోకి వస్తోంది. మొన్న అలా వచ్చిన పెట్టెను విప్పుతూ, "తాతా, నువ్వు కంప్యూటర్లు అమ్మేవాడివంట, సచ్చీ?" అని నవ్వింది. నిజమేనన్నాను. తెల్ల పరుపు మీద బాసింపట్టు వేసుకుని, మెడలో టై కట్టుకుని మరీ అమ్మాను. (అమ్మబోయాను అనడం సబబు. పత్రికలో ఇన్నేళ్లు వార్తలు దిద్దినవాడికి ఆ మాత్రం తేడా తెలియాలి.)

మాది సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేతపనివాళ్ల కుటుంబం. ఖటోదరాలో మరమగ్గాల కార్ఖానా వెనక గదుల్లో ఉండేవాళ్లం. మరమగ్గాన్ని మావాళ్లు సాంచె అంటారు. బాపు, అన్న సాంచెలు నడిపేవాళ్లు, వదిన కండెలు చుట్టి, తెగిన పోగులు ముడివేసేది. నేనొక్కణ్ణి డిగ్రీ గట్టెక్కి, టైపు నేర్చుకుని, సాంచె పట్టనని మొండికేశాను. చదువుకున్న కొడుకు మీద చెయ్యి చేసుకోవడం బాగుండదని కాబోలు, బాపు గడువు పెట్టాడు. "దీపావళి అయినంక లాభ్ పాంచమ్ దాక సూస్త కొడుకా. గప్పటి వరకు ఆ కంప్యూటర్‌తోని నీకు బువ్వ పుడితె మంచిదే. పుట్టకుంటె తెల్లారి సాంచెకాడ నిలవడాలె. మీ తాత సుత చెయ్యనన్నోడే. ఆఖర్కి ఏంజేసిండు?" అన్నాడు. తాత ఆఖరికి మగ్గం ముందే కూర్చున్నాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. లాభ్ పాంచమ్ అంటే దీపావళికి మూతపడ్డ సూరత్ బజారు మళ్లీ తలుపులు తెరిచే శుభదినం. ఊరికంతా అది కొత్త లెక్కల పండుగ. నాకు మాత్రం అది తీర్పు చెప్పే రోజైంది.

నాకు కొలువిచ్చినవాడు మీటర్ సేఠ్. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్‌లో చీరల హోల్‌సేల్ వ్యాపారి. ఏది చూసినా చూపుతోనే కొలిచేసేవాడు. పెళ్లి పందిరి కింద నిలబడి ఇందులో ఎన్ని మీటర్ల గుడ్డ పట్టిందో చెప్పగలడు. వధూవరుల పేర్లు మాత్రం గుర్తుండవు. బొంబాయిలో ఉన్న ఆయన బావమరిది ఏదో కంపెనీ తయారుచేసిన ఇంటి కంప్యూటర్లకు ఏజెన్సీ తీసుకుని, సూరత్ డీలర్‌షిప్ బావకు అంటగట్టాడు. కంపెనీ పేరు చెప్పను. చెప్పినా ఎవరికీ గుర్తుండదు, అదే ఈ కథంతా.

ఆ యంత్రం మంచిది. అది ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదాంట్లో దాని తప్పు రవ్వంత లేదు. మీగడ రంగు కీబోర్డు, దాని పొట్టలోనే మొత్తం కంప్యూటర్. వెనక తీగ ఒకటి టీవీకి, ఇంకొకటి టేప్ రికార్డర్‌కు. క్యాసెట్ పెట్టి నొక్కితే టేప్ రికార్డర్ కాసేపు పిల్లి కీచులాడినట్టు అరిచేది, తర్వాత టీవీ మీద బొమ్మలు కదిలేవి. ఎక్కాలు అడిగేది, పాట వాయించేది, మనం రాసిన ఆజ్ఞల ప్రకారం గీతలు గీసేది. లావుపాటి ఇంగ్లిష్ పుస్తకం ముందేసుకుని నేను ఆ ఆజ్ఞలు నేర్చుకున్నాను. నేతగాడి కొడుకును కదా, ఏనుగులూ విమానాలూ గీయబుద్ధి కాలేదు, చీర అంచు గీశాను. గుడి గోపురాల వరస. ఆ యంత్రానికి ఏటవాలు గీత నున్నగా గీయడం రాదు, మెట్లు మెట్లుగా వచ్చేది. అందుకు నాకు నామోషీగా ఉండేది. పైగా స్విచ్ ఆపితే అంతా మరిచిపోయేది. మా టేప్ రికార్డర్‌లో రికార్డు మీట విరిగిపోవడంతో దాచుకునే దారి లేదు. రోజూ దుకాణం తెరవగానే ఆ గోపురాలను మళ్లీ మొదటి నుంచి కొట్టేవాణ్ణి. పొద్దున సేఠ్ అగర్‌బత్తీ వెలిగించేవాడు, నేను గోపురాలు లేపేవాణ్ణి.

ఇంత మంచి యంత్రానికి కంపెనీ చేసిన ప్రచారం ఒక పోస్టరు. అందులో తెల్లగా మెరిసిపోతున్న అమ్మా నాన్నా పిల్లలూ ఉన్ని స్వెటర్లు వేసుకుని కంప్యూటర్ ముందు నవ్వుతుంటారు. స్వెటరన్న మాట వింటేనే చెమట పోసే ఊళ్లో దాన్ని గోడకు అంటించాం. ఇంకా వాళ్లు పంపినవి ఒక డెమో క్యాసెట్, ఒక సర్క్యులర్. కంప్యూటర్ చూపించే ఉద్యోగి తప్పనిసరిగా టై కట్టుకోవాలని సర్క్యులర్‌లో రాసి ఉంది. ఇంకే విషయంలోనూ కంపెనీ అంత పట్టుదల చూపలేదు. మొదటిరోజు టైతో ఇంట్లోంచి బయటపడుతుంటే వదిన గుమ్మంలోనే పట్టుకుంది. "ఏంది మర్దీ, మెడకు పలుపేసుకున్నవ్? సేఠ్ కట్టేసి పాలు పిండుతడా ఏంది?" అంది. బాపు కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. నాకు ఆ టై మీద చాలా గౌరవం.

సేఠ్ మాట్లాడేది హిందీ, గుజరాతీ కలిసిన సూరతీ భాష. మీకోసం చాలావరకు తెలుగు చేస్తున్నాను. "అరే మాస్టర్, మాల్ మాలే. ఖోల్కే దిఖావ్," అన్నాడు. ఏదైనా సరుకు సరుకే, విప్పి చూపించాలని. చీరల పరుపు మీదే టీవీ పెట్టి, కంప్యూటర్‌ను మల్లు గుడ్డలో చుట్టి ఉంచమన్నాడు. గిరాకీ కూర్చోగానే నేను గుడ్డ మడతలు ఒక్కొక్కటే విప్పి కంప్యూటర్‌ను వాళ్ల ఒడి దగ్గరికి జరపాలి. వచ్చినవాళ్లు దాన్ని వేళ్లతో నలిపి చూసేవాళ్లు. ఒకావిడ, "ఇందులో ఇంకే రంగులున్నాయి?" అని అడిగింది. రంగు ఒక్కటేనన్నాను. "ఒక్క రంగు డిజైన్‌కు దుకాణం తెరిచారా?" అని జాలిపడి లేచిపోయింది. ఇంకొకాయన మొత్తం శ్రద్ధగా చూసి, గోడమీది పోస్టరు వైపు వేలు చూపి, "ఆ స్వెటర్ హోల్‌సేల్‌లో దొరుకుతుందా?" అన్నాడు. సూరత్ కన్ను అలాంటిది. దేన్ని చూపించినా అందులో గుడ్డ ఎక్కడుందో అదే ముందు కనిపిస్తుంది. నేను లోపల్లోపల కోప్పడేవాణ్ణి, అదే కన్ను ఒకనాడు నన్ను కాపాడుతుందని తెలియక.

ఇలా లాభం లేదని సేఠ్ వాటిని జాంగడ్ మీద పంపడం మొదలుపెట్టాడు. జాంగడ్ అంటే మా ఊరి వ్యాపార ఆచారం. సరుకు నమ్మకం మీద ఇస్తారు, ఇంటికి తీసుకెళ్లి చూసుకుని, నచ్చితే ఉంచుకుంటారు, నచ్చకపోతే తిరిగిస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. చీరలకూ వజ్రాలకూ బాగా నడిచే పద్ధతి. కంప్యూటర్లు మాత్రం బూమరాంగుల్లా తిరిగొచ్చేవి. తీసుకెళ్లినవాడికి దాంతో ఏం చేయాలో చెప్పే మనిషి లేడు, వేరే క్యాసెట్లు లేవు, పుస్తకం ఇంగ్లిష్‌లో. ఒక డాక్టర్‌గారు, పిల్లలు సీరియల్ చూడనివ్వడం లేదని తిరిగిచ్చారు. ఒక ఇంటి నుంచి వచ్చినదాని మీటల సందుల్లో సేవ్ కారప్పూస పొడి ఉంది. నేను దువ్వెనతో దులిపి మళ్లీ మల్లు గుడ్డలో చుట్టాను. ఉన్న ఒకే ఒక డెమో క్యాసెట్ కూడా ఈ ఇంటికీ ఆ ఇంటికీ పెళ్లిచూపుల పిల్లలా తిరిగింది.

దీపావళి ముందు సేఠ్‌కు గట్టి గిరాకీ తగిలాడు. అడాజన్‌లో అప్పుడప్పుడే లేస్తున్న సొసైటీల మధ్య స్కూలు నడిపే ట్రస్టీ సాబ్. ఆయనకు జోల్వాలో సాంచెల కార్ఖానా కూడా ఉంది. (మా ఊళ్లో ఎవరి వ్యాపారం ఏదైనా అడుగున గుడ్డ తప్పకుండా ఉంటుంది.) లాభ్ పాంచమ్ పొద్దున ముహూర్తం చూసుకుని వస్తానని, నచ్చితే స్కూలు పిల్లలకు మొత్తం లాట్ తీసుకుంటానని కబురు పెట్టాడు. "ఇది కుదిరితే నీకు వేరే కౌంటర్. కుదరకపోతే పెట్టెలన్నీ బొంబాయికి వాపస్," అన్నాడు సేఠ్. నా సంగతి ఏమిటని అడగలేదు. వాపస్ వెళ్లే దారి నాకూ ఒకటి ఉంది, అది ఖటోదరాలో ఉంది.

అప్పుడు చూసుకుంటే క్యాసెట్ తెగి ఉంది. ఆఖరుగా జాంగడ్ మీద వెళ్లిన ఇంట్లో ఎవరో దాని పేగులు బయటికి లాగి, మళ్లీ మర్యాదగా డబ్బాలో కుక్కి పంపారు. బొంబాయికి ట్రంక్ కాల్ చేశాం. అటువైపు గొంతు ఎంతో తీయగా, "ఇంజినీర్ కొత్త క్యాసెట్లతో బయల్దేరాడు," అంది. నేను అట్టముక్క మీద కంపెనీ పేరు రాసి, టై సర్దుకుని, స్టేషన్‌లో బొంబాయి బండి కోసం నిలబడ్డాను. దిగినవాళ్లంతా వెళ్లిపోయారు. మళ్లీ ఫోన్ చేస్తే మళ్లీ బయల్దేరాడన్నారు, నేను మళ్లీ అట్ట పట్టుకుని వెళ్లాను. చివరికి ప్లాట్‌ఫారం మీద చాయ్ అమ్మేవాడికి నా మీద ఆపేక్ష పుట్టి, "పెళ్లికొడుకు కోసమా భాయ్?" అని అడిగాడు.

లాభ్ పాంచమ్‌కు ముందురోజు సాయంత్రం క్యాసెట్ జేబులో వేసుకుని ఇంటికి చేరాను. నా మొహం చూసి వదిన కండెలు పక్కన పెట్టింది.

"ఏమైంది?"

"టేపు తెగింది వదినా. దీని మీదనే అంతా ఉన్నది."

వదిన ఆ గోధుమరంగు రిబ్బన్‌ను దీపం వైపు ఎత్తి చూసి నవ్వింది. "గింతేనా? తెగిన పోగుకు గింత ఏడుపెందుకు? దినాం ఎన్ని ముడేస్తలేను నేను. ఇటియ్యి."

"అది నూలు కాదు వదినా."

"తెగింది అంటున్నవా లేదా? తెగినదానికి ముడే మందు," అంది. మా వాడలో వదిన ముడికి పేరుంది. వేళ్లు ఎప్పుడు కదిలాయో కనపడదు, ముడి ఎక్కడుందో గుడ్డలో వెతికినా దొరకదు. నాలుక మీద వేలు తడిచేసుకుని, రెండు కొసల్నీ ఒకదాని కింద ఒకటి దూర్చి, చిటికెలో బిగించి, మిగిలిన తోకల్ని పళ్లతో కొరికేసింది. బాపు క్యాసెట్ అందుకుని వేలితో తడిమి చూశాడు. "సాంచెల నుంచి సుత సాఫ్‌గ దాటుతది," అని సర్టిఫికెట్ ఇచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఇంటికి వందేళ్ల నేత అనుభవం ఉంది, టేపు కూడా ఒక పోగే కదా. కంపెనీ సర్వీసు సెంటర్ లేకపోతేనేం, మా వదిన ఉందనుకున్నాను.

పొద్దున మార్కెట్ నిండా బంతిపూల తోరణాలు. ట్రస్టీ సాబ్ చెప్పులు విడిచి, దిండుకు ఆనుకుని, మా ఊరి శనగపిండి ఫలహారం లోచో ప్లేటు అందుకున్నాడు. నేను మల్లు గుడ్డ విప్పాను. క్యాసెట్ పెట్టి నొక్కాను. పిల్లి కీచులాట మొదలైంది. టీవీ మీద డెమో నెమలి పైనుంచి కిందికి ఒక్కో వరసే దిగడం మొదలుపెట్టింది, సాంచె మీద గుడ్డ దిగినట్టు. కిరీటం వచ్చింది, కన్ను వచ్చింది, నీలం మెడ వచ్చింది. ట్రస్టీ సాబ్ లోచో నమలడం ఆపాడు. పొట్ట సగం వచ్చింది. అక్కడ టేప్ రికార్డర్ టక్కుమంది. కీచులాట ఆగింది. నెమలి ఆగింది.

వదిన ముడి సాంచెలోంచి దాటుతుందేమో గానీ, కంప్యూటర్ చెవికి ముడి అంటే మౌనం. అది నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

"కాళ్లేవి?" అన్నాడు ట్రస్టీ సాబ్.

నేను టేప్ రికార్డర్ మీటను మళ్లీ మళ్లీ నొక్కాను. మీటర్ సేఠ్ మాత్రం చెక్కుచెదరలేదు. ఆయన గౌరవార్థం ఈ మాట రాసి తీరాలి. "సాహెబ్, ఇది శాంపిల్. శాంపిల్ ఎప్పుడైనా కట్ పీసే కదా ఇస్తాం? ఫుల్ నెమలి నిండు తాన్‌లో వస్తుంది," అన్నాడు.

"మరి తాన్ ఏదీ?"

"బొంబాయి నుంచి బయల్దేరింది," అన్నాడు సేఠ్. అందులో అబద్ధమేమీ లేదు, బొంబాయివాళ్లు చెప్పిందే చెప్పాడు. ఆయన నావైపు తిరిగి పళ్ల మధ్యనుంచి, "మాస్టర్, ఏదో ఒకటి దిఖావ్. ఆడేదో, పాడేదో, ఏదైనా," అన్నాడు. ఆ మాటల వెనక నాకు సాంచెల చప్పుడు వినిపించింది. నేను స్విచ్ ఆపి, మళ్లీ వేసి, నాకు నిద్రలో కూడా వచ్చే ఒకే ఒక పనిని మొదలుపెట్టాను. సేఠ్ రెండో ప్లేటు లోచో తెప్పించాడు, చాయ్ తెప్పించాడు, ట్రస్టీ సాబ్ బావగారి మోకాలి నొప్పి గురించి సవివరంగా అడిగాడు. నా వేళ్లు పరుగెత్తాయి. టై కొస మీటల మీద పడుతుంటే దాన్ని పళ్లతో పట్టుకుని కొట్టాను. ఆఖరి ఆజ్ఞ ఇచ్చాను.

గోపురాలు లేచాయి. రాణీ రంగు నేల మీద చిలకాకుపచ్చ గోపురాలు, మెట్లు మెట్లుగా, ఒకదాని తర్వాత ఒకటి, టీవీ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాయి. నేను ఒక మీట నొక్కితే రంగు మారింది. ఇంకో మీటకు గోపురాలు పొట్టివయ్యాయి. మా బాపు ఒక అంచు మార్చాలంటే ఎన్ని తంటాలు పడతాడో తెలిసినవాణ్ణి, ఆ మీట నొక్కిన ప్రతిసారీ నా ఒళ్లు పులకరించింది.

ట్రస్టీ సాబ్ మోకాళ్ల మీద టీవీ దగ్గరికి జరిగాడు. అద్దాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య నలపబోయాడు. నలగలేదు.

"ఇది ఎంత మాల్ ఉంది?"

"సాహెబ్, లాట్ మొత్తం రెడీగా ఉంది. మీ స్కూలుకు..." అని సేఠ్ మొదలుపెట్టాడు.

"స్కూలు సంగతి తర్వాత భాయ్. ఈ అంచు. ఈ మెట్ల కట్ బజారులో నేనెక్కడా చూడలేదు. రంగులు ఇవే ఉండాలి. చీర ఎప్పుడిస్తావ్?"

నేను నోరు తెరిచి, ఇది చీర కాదండీ, కంప్యూటర్ అని చెప్పబోయాను. సేఠ్ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు. ఆయన చూపు అప్పటికే అంచును కొలిచేసింది. "లాభ్ పాంచమ్ నాడు అడిగారు, కాదంటానా? ముందు మీకే," అన్నాడు. చేతులు కలిశాయి. కంప్యూటర్ కంపెనీ పుట్టిన తర్వాత సూరత్‌లో కుదిరిన ఏకైక బేరం అది. కంపెనీకి ఈనాటికీ దాని సంగతి తెలియదు.

సేఠ్‌కు అంచులు గీసిచ్చే డిజైన్ మాస్టర్ టీవీ ముందు కూర్చుని ఆ మెట్లను గళ్ల కాగితం మీదికి ఎక్కించాడు. ఎంత సులువుగా ఎక్కాయంటే, గళ్ల కోసమే పుట్టినట్టు ఎక్కాయి. మొదటి చీరలు మా కార్ఖానాలోనే నేయించమని నేను అడిగాను, సేఠ్ ఒప్పుకున్నాడు. అలా ఆ అంచు ఎక్కిన మొదటి సాంచె మా బాపుది. ఆయన దిగుతున్న గుడ్డను చాలాసేపు చూసి, "గోపురాలకు మెట్లెందుకు పెట్టినవ్‌రా?" అన్నాడు. యంత్రానికి ఏటవాలు గీత రాదని చెప్పాను. "రాకపోవుడే మంచిగైంది," అన్నాడు. ఆయన నోటి నుంచి నా చదువుకు వచ్చిన మొదటి మెప్పు అది. దాన్ని ఇప్పటికీ సర్టిఫికెట్ల కన్నా జాగ్రత్తగా దాచుకున్నాను.

చీర పేరు కంప్యూటర్ అంచు. మీటర్ సేఠ్ కంపెనీవాళ్లు చేయనివన్నీ ఆ చీరకు చేశాడు. దుకాణం దుకాణానికీ మనిషిని పంపాడు, శాంపిల్ పంచాడు, తేడా వస్తే మార్చిచ్చాడు. పేపర్లో ప్రకటన రాయమని నాకు పురమాయించాడు. "కంప్యూటర్ అంటే ఏమిటో చూడాలనుందా? కట్టుకుని చూడండి," అని రాశాను. దాన్ని తీసుకుని పత్రికాఫీసుకు వెళితే అక్కడి ప్రకటనల పెద్దాయన చదివి, కళ్లజోడు మీదుగా నన్నూ నా టైనీ చూసి, "ఇది రాసింది నువ్వేనా? ఖాళీగా ఉంటే ఇక్కడికి వచ్చి రాయి," అన్నాడు. వెళ్లాను, ప్రకటనల నుంచి వార్తల బల్ల దాకా అక్కడే ఎదిగాను. మీగడ రంగు పెట్టెలు మల్లు గుడ్డల్లోనే బొంబాయికి వాపస్ వెళ్లాయి. కొన్నాళ్లకు కంపెనీ మూతపడిందని విన్నాం. అంత చక్కటి యంత్రం, తన గురించి నాలుగు ముక్కలు చెప్పేవాడు లేక పోయింది. ఆ నాలుగు ముక్కలు నేర్చుకున్నవాణ్ణి నేను మాత్రం బతికిపోయాను.

మనవరాలి నవ్వు భరించలేక నిన్న వదినను పిలిపించాను. ఇప్పుడు ఆమె వేళ్లు వణుకుతాయి, నోరు మాత్రం వణకదు. సంచిలోంచి మల్లు గుడ్డలో చుట్టిన చీర తీసి సోఫా మీద పరిచింది. మనవరాలు అంచు మీద వంగి, వేలితో ఒక్కో మెట్టూ తడిమి, "అరే తాతా, ఇవి తో పిక్సెల్స్ హై న. చీర మీద పిక్సెల్స్," అంది. ఈసారి నవ్వలేదు.

"పిక్సెలో గిక్సెలో నాకు తెల్వదు బిడ్డా. మీ తాత సాంచె తప్పించుకున్న మెట్లివి," అంది వదిన. తర్వాత నావైపు తిరిగి, "నా ముడి ఉన్నదా, ఊడిందా?" అని అడిగింది. క్యాసెట్ తెచ్చి చూపించాను. వేలితో తడిమి చూసుకుని, తృప్తిగా తిరిగిచ్చింది.

ఇప్పటికీ ఎవరినైనా తీసుకురావడానికి స్టేషన్‌కు వెళితే, బొంబాయి బండి ఆగగానే నా చెయ్యి దానంతటదే ఛాతీ దాకా లేస్తుంది, అట్టముక్క పట్టుకున్నట్టు. ప్లాట్‌ఫారం మీద చాయ్‌వాళ్లు మారిపోయారు, నన్ను ఎవరూ ఏమీ అడగరు. చెమటకు తడిసిన టైతో, మడమలెత్తి, దిగే ప్రతి మనిషిలోనూ ఇంజినీర్‌ను వెతుకుతున్న ఆ కుర్రాడు మాత్రం ఇంకా నా పక్కనే నిలబడి ఉంటాడు. వాడు రాడురా, ఇంటికి పద అని చెప్పాలనిపిస్తుంది. చెప్పను. దిగినవాళ్లంతా వెళ్లిపోయేదాకా వాడితోపాటు నేనూ నిలబడతాను.